ఇంట్లోనే బండి బ్రేకు ప్యాడ్లు మార్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

డిస్క్ బ్రేకు ఉన్న బండి నడిపేవారి సందేహాలు ఏళ్లు గడిచినా పెద్దగా మారలేదు. అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట చేర్చాను. మన దగ్గర 125 నుంచి 200 సీసీ వరకు ఉండే బండ్లలో ఎక్కువగా కనిపించే అమరికను దృష్టిలో పెట్టుకుని రాశాను: ముందు చక్రానికి ఒకే డిస్క్, ఒకవైపే పిస్టన్లు (ఆయిల్ ఒత్తిడికి ప్యాడ్‌ను నొక్కే గుండ్రటి భాగాలు) ఉండి, పిన్నుల మీద అటూ ఇటూ జరిగే క్యాలిపర్ (ప్యాడ్లను పట్టుకుని డిస్క్‌కు నొక్కే భాగం). మీ బండి అమరిక వేరైతే బోల్టుల స్థానాలు మారతాయి గానీ పని క్రమం దాదాపు ఇదే.

ప్యాడ్లు మార్చడం కష్టమైన పని కాదు. తర్వాత వచ్చే ఇబ్బందులు చాలావరకు మురికి పట్టిన క్యాలిపర్‌లో కొత్త ప్యాడ్లు దూర్చేయడం వల్లే వస్తాయి. అందుకే శుభ్రం చేసే భాగం మిగతా వాటికంటే పెద్దగా ఉంటుంది.

## ప్యాడ్లు అరిగాయో లేదో చూసుకునేటప్పుడు

ఏమీ విప్పకుండా ప్యాడ్లు అరిగాయని ఎలా తెలుస్తుంది?

టార్చిలైటు తీసుకుని ముందు చక్రం పక్కన కూర్చోండి. క్యాలిపర్‌లోకి వెనకవైపు నుంచి, కింద నుంచి తొంగిచూస్తే డిస్క్‌కు రెండువైపులా ఇనుప పలక, దానికి అంటుకుని నల్లగానో బూడిద రంగులోనో ఒక పొర కనిపిస్తాయి. చూడాల్సింది ఆ పొర మందాన్ని మాత్రమే. ఇనుప పలకను కలిపి కొలిచి ఇంకా చాలా ఉందనుకోవద్దు. కొత్త ప్యాడ్‌లో పొర సుమారు 4 నుంచి 5 మిల్లీమీటర్లు ఉంటుంది. 2 మిల్లీమీటర్లకు వస్తే కొత్తవి కొని ఇంట్లో పెట్టుకోండి. 1 మిల్లీమీటరుకు వస్తే మార్చేయాల్సిందే. చాలా ప్యాడ్ల పొరలో నిలువుగా ఒక గాడి ఉంటుంది. ఆ గాడి అరిగి నున్నగా కలిసిపోయిందంటే ప్యాడ్ ఆయుష్షు తీరినట్టే. బయటివైపు ప్యాడ్‌ను చూసి తృప్తి పడకుండా, కనిపించడానికి ఇబ్బంది పెట్టే లోపలివైపు దాన్ని కూడా తప్పక చూడండి.

బ్రేకు వేస్తే కీచుమంటోంది. ప్యాడ్లు అయిపోయినట్టేనా?

శబ్దాన్ని బట్టి చెప్పాలి. సన్నటి కీచు శబ్దానికి దుమ్ము, తడి, ప్యాడ్ పైపొర గట్టిపడి మెరుపెక్కడం వంటి కారణాలు ఉంటాయి. ప్యాడ్‌లో సరుకు ఉన్నా ఆ శబ్దం రావచ్చు. ఇనుము మీద ఇనుము గీసినట్టు గరగరమంటే మాత్రం పొర పూర్తిగా పోయి పలకే డిస్క్‌ను తింటోందన్నమాట. అప్పుడు బండిని పక్కన పెట్టేయండి. అలా కొన్నాళ్లు నడిపితే ప్యాడ్ల ఖర్చుతో పోయేది డిస్క్ ఖర్చు దాకా వస్తుంది. అంతకుమించి, అత్యవసరంలో బండి ఆగదు.

బ్రేకు ఆయిల్ కింది గీతకు వచ్చింది. పోసేస్తే సరిపోతుందా?

ముందు ప్యాడ్లు చూడండి. ప్యాడ్ అరిగేకొద్దీ పిస్టన్ ముందుకు జరుగుతుంది, ఖాళీ అయిన చోటు నిండడానికి పైన హ్యాండిల్ దగ్గరి డబ్బాలో ఉన్న ఆయిల్ కిందికి దిగుతుంది. అంటే ఆయిల్ నెమ్మదిగా తగ్గడం ప్యాడ్లు అరుగుతున్నాయనడానికి గుర్తు కూడా. ఇప్పుడు పై గీత దాకా పోస్తే, కొత్త ప్యాడ్లు వేసే రోజు పిస్టన్లను వెనక్కి నెట్టినప్పుడు అది పొంగి ట్యాంకు మీద, ఫోర్కు మీద పడుతుంది. ప్యాడ్లు బాగానే ఉండి ఆయిల్ తగ్గుతుంటే ఎక్కడో కారుతున్నట్టు. లివర్ దగ్గర, పైపు చివర్లలో, క్యాలిపర్ దగ్గర తడి ఉందేమో వెతకండి.

ఎన్ని వేల కిలోమీటర్లకు మార్చాలి?

కిలోమీటర్లను నమ్ముకోవద్దు. ఒకరికి 10,000 కిలోమీటర్లకే అయిపోతే, అదే బండి నడిపే మరొకరికి 20,000 దాటినా ఉంటాయి. నగరంలో సిగ్నల్ సిగ్నల్‌కూ ఆపేవారికి, వరినాట్ల కాలంలో బురద దారుల్లో తిరిగేవారికి, ఘాట్ రోడ్డు పక్క ఊళ్లవారికి త్వరగా అరుగుతాయి. వెనక డిస్క్ ఉన్న బండ్లలో పెడల్ మీద కాలు ఆనించి నడిపే అలవాటున్నవారి వెనక ప్యాడ్లు ముందువాటికంటే ముందే పోతాయి. నెలకోసారి టైర్లలో గాలి చూసుకునే రోజున ప్యాడ్లనూ చూడటం మంచి పద్ధతి.

ఒక ప్యాడ్ పూర్తిగా అరిగింది, రెండోది ఇంకా సగం ఉంది. అరిగినదాన్నే మార్చనా?

రెండూ మార్చాలి. ఒక క్యాలిపర్‌లో ప్యాడ్లు ఎప్పుడూ జతగానే మారతాయి. అయితే ఈ తేడా ఒక లోపానికి గుర్తు. దాన్ని పట్టించుకోకపోతే కొత్త జత కూడా ఇలాగే పోతుంది. పిస్టన్ లోపలి ప్యాడ్‌ను నొక్కుతుంది, ఆ ఒత్తిడికి క్యాలిపర్ మొత్తం పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ను డిస్క్‌కు లాగుతుంది. పిన్నులు తుప్పుపట్టో గ్రీజు ఎండిపోయో బిగుసుకుంటే ఆ జరగడం ఆగిపోయి, పని మొత్తం పిస్టన్ వైపు ప్యాడ్ మీదే పడుతుంది. ప్యాడ్ ఒక చివర సన్నగా, మరో చివర లావుగా అరిగినా అనుమానించాల్సింది ఆ పిన్నులనే.

డిస్క్ కూడా మార్చాలా?

ప్యాడ్లు మార్చిన ప్రతిసారీ అక్కర్లేదు. డిస్క్ మీద సాధారణంగా కనిష్ఠ మందం అంకెల్లో చెక్కి ఉంటుంది. అంచున అరగకుండా మిగిలిన గట్టు దగ్గర కాకుండా ప్యాడ్ నడిచే చోట కొలవండి. మామూలు వెర్నియర్‌తో కొలిస్తే గట్టు అడ్డొచ్చి ఎక్కువ చూపిస్తుంది, మైక్రోమీటరుతో కొలవడం మేలు. చెక్కిన అంకె కంటే తగ్గితే డిస్క్ మార్చాలి. గోరుకు స్పష్టంగా తగిలే లోతైన గాళ్లు, పగుళ్లు, వేడికి వచ్చిన నీలి మచ్చలు ఉన్నా, బ్రేకు వేసినప్పుడు లివర్ వేళ్ల కింద కొట్టుకుంటున్నా ఒకసారి మెకానిక్‌కు చూపించండి.

## ప్యాడ్లు కొనేటప్పుడు

కంపెనీ ప్యాడ్లే కొనాలా? బయట సగం ధరకే ఇస్తున్నారు.

రోజూ తిరిగే బండికి బండి కంపెనీ విడిభాగాల దుకాణంలో దొరికేవి గానీ, బ్రేకులు తయారుచేసే పేరున్న సంస్థలవి గానీ కొనండి. మన బండ్లలో బైబ్రే, నిస్సిన్, ఎండ్యూరెన్స్ క్యాలిపర్లు ఎక్కువగా కనిపిస్తాయి. ఆ పేరు క్యాలిపర్ మీదే ఉంటుంది. బైబ్రే ఇటలీకి చెందిన బ్రెంబో సంస్థ బ్రాండే. ఒకే మోడల్ బండికి సంవత్సరాన్ని బట్టి క్యాలిపర్ మారి ఉండవచ్చు, కాబట్టి పాత ప్యాడ్‌ను గానీ దాని ఫోటోను గానీ దుకాణానికి తీసుకెళ్లి ఆకారం పోల్చుకోండి. ముద్ర చెదిరిన డబ్బా, తప్పులతో అచ్చయిన పేరు, చిటికెడు ధర కనిపిస్తే వెనక్కి వచ్చేయండి. నాసిరకం ప్యాడ్‌లో పొర పలక నుంచి ఊడిపోయే ప్రమాదం ఉంది. మామూలు బండ్లకు అసలు సరుకు ధర కూడా వందల రూపాయల్లోనే ఉంటుంది, బ్రేకు దగ్గర ఆ తేడా మిగుల్చుకోవడం నా దృష్టిలో ఏమాత్రం తగదు.

ఆర్గానిక్, సింటర్డ్ అంటున్నారు. నాకు ఏవి సరిపోతాయి?

మీ బండికి కంపెనీ ఏ రకం వేసి ఇచ్చిందో అదే వేయండి. ఆర్గానిక్ ప్యాడ్లు జిగురులో నారలు, ఇతర పొడులు కలిపి చేసినవి. చప్పుడు తక్కువ, డిస్క్‌ను తక్కువగా అరగదీస్తాయి, చల్లగా ఉన్నప్పుడు కూడా పట్టు ఇస్తాయి. సింటర్డ్ ప్యాడ్లు లోహపు పొడిని వేడితో, ఒత్తిడితో ముద్దగా చేసినవి. వానలో, విపరీతమైన వేడిలో బాగా నిలబడతాయి, ఎక్కువకాలం వస్తాయి, కానీ వాటిని ఉద్దేశించి చేయని డిస్క్‌ను త్వరగా తినేస్తాయి. రోజూ ఆఫీసుకు వెళ్లొచ్చే 125 సీసీ బండికి సింటర్డ్ వేసినందువల్ల ప్రత్యేకంగా ఒరిగేదేమీ లేదు.

ప్యాడ్ వెనక ఎఫ్ఎఫ్, జీఎఫ్, హెచ్‌హెచ్ లాంటి అక్షరాలు దేనికి?

అవి ఘర్షణ గుణకాన్ని తెలిపే గుర్తులు. మొదటి అక్షరం మామూలు వేడిలో, రెండోది ఎక్కువ వేడిలో పట్టు ఎంతో చెబుతుంది. ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55, హెచ్ అంటే 0.55 కంటే ఎక్కువ. అక్షరం పెద్దదైతే ప్యాడ్ మంచిదని కాదు. చిన్న బండికి అతి పట్టున్న ప్యాడ్ వేస్తే, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) లేని చోట తడిరోడ్డు మీద ముందు చక్రం బిగుసుకుని జారవచ్చు.

## పనికి కూర్చునే ముందు

నేను మెకానిక్‌ని కాను. ఇది నేను చేయగల పనేనా?

పానాతో నట్టు విప్పి బిగించడం వచ్చి, తొందరపడని మనసు ఉంటే చేయగలరు. మొదటిసారికి రెండు మూడు గంటలు పెట్టుకోండి. సాయంత్రం చీకటి పడే వేళ, మర్నాడు పొద్దున్నే ఊరికి వెళ్లాల్సిన రోజు మాత్రం మొదలుపెట్టవద్దు. బ్రేకు పైపు విప్పాల్సి వస్తే, ఆయిల్ కారుతుంటే, బోల్టు మరలు అరిగిపోయి ఉంటే అది ఇంటి పని కాదు. అక్కడ ఆగి మెకానిక్‌ను పిలవండి.

ఏమేం దగ్గర పెట్టుకోవాలి?

క్యాలిపర్ బోల్టులకు సరిపడే సాకెట్ లేదా రింగు పానా (చాలా బండ్లకు 12 మిల్లీమీటర్లది), ప్యాడ్ పిన్ను (ప్యాడ్లను క్యాలిపర్‌లో పట్టి ఉంచేది) విప్పడానికి ఎలన్ కీ (ఎక్కువగా 5 మిల్లీమీటర్లది), వీలైతే టార్క్ పానా (ఎంత బిగువు పడిందో తెలిపే పానా). పాత టూత్‌బ్రష్, సబ్బు నీళ్లు, నూలు పోగులు రాలని శుభ్రమైన గుడ్డలు, బ్రేక్ క్లీనర్ స్ప్రే లేదా ఐసోప్రొపైల్ ఆల్కహాల్, క్యాలిపర్ జరిగే పిన్నుల కోసం సిలికాన్ గ్రీజు చిన్న ట్యూబు. చేతికి తొడుగులు, ముఖానికి మాస్కు. పక్కన బకెట్ నీళ్లు ఉండాలి, ఎందుకంటే బ్రేకు ఆయిల్ పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడిగేయాలి. తుడిస్తే చాలదు, పెయింటు ఉబ్బి పొరలు లేచిపోతుంది. పని మొదలుపెట్టే ముందే ట్యాంకు మీద, ముందు మడ్‌గార్డు మీద పాత దుప్పటి కప్పేయండి.

నా బండికి ఏబీఎస్ ఉంది. ముట్టుకోవచ్చా?

ముట్టుకోవచ్చు. 2019 ఏప్రిల్ 1 నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నింటికీ మన దేశంలో ఏబీఎస్ తప్పనిసరి అయింది కాబట్టి ఈ ప్రశ్న ఇప్పుడు చాలామందిది. ప్యాడ్లు మార్చే పద్ధతి మారదు. రెండు జాగ్రత్తలు మాత్రం అదనం. చక్రం దగ్గరి సెన్సార్‌నూ దాని తీగనూ లాగకూడదు, నలపకూడదు. పిస్టన్లను చాలా నెమ్మదిగా వెనక్కి నెట్టాలి. ఏళ్ల తరబడి ఆయిల్ మార్చని బండి అయితే క్యాలిపర్‌లోని నల్లటి ఆయిల్ వెనక్కి ఏబీఎస్ యూనిట్‌లోకి వెళ్లకుండా, ప్యాడ్లతోపాటు ఆయిల్ కూడా మార్పించుకోవడం మంచిది.

బ్రేకు దుమ్ము ప్రమాదమా? మా మెకానిక్ గాలి కొట్టి ఊదేస్తాడు.

ఊదకూడదు. ప్యాడ్ల పొడి సన్నగా ఉండి నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. పాత, చవక రకాల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశమూ ఉంది. మాస్కు పెట్టుకుని, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయండి. పిల్లలను ఆ దరిదాపులకు రానివ్వవద్దు.

## విప్పేటప్పుడు

మొదట ఏది విప్పాలి?

చదునైన చోట సెంటర్ స్టాండు వేసి, హ్యాండిల్‌ను క్యాలిపర్ వైపు పని చేయడానికి వీలుగా తిప్పండి. ఇప్పుడు క్యాలిపర్ బోల్టుల జోలికి వెళ్లకుండా ముందు ప్యాడ్ పిన్నును వదులు చేయండి, పూర్తిగా తీయొద్దు. క్యాలిపర్ ఫోర్కుకు గట్టిగా పట్టి ఉన్నప్పుడే ఆ బిగువు సులువుగా వదులుతుంది. క్యాలిపర్ చేతిలోకి వచ్చాక దాన్ని ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో పిన్ను తిప్పడం పెద్ద యాతన. కొన్ని బండ్లలో పిన్ను మీద చిన్న మూత మర ఉంటుంది, దాన్ని ముందు తీయాలి. కొన్నింటిలో పిన్ను చివర సన్నటి లాక్ క్లిప్పు ఉంటుంది. తర్వాత క్యాలిపర్ రెండు బోల్టులూ విప్పి, దాన్ని కొద్దిగా అటూ ఇటూ ఆడించి డిస్క్ నుంచి బయటికి లాగండి. ప్రతి మెట్టుకీ ఫోనుతో ఒక ఫోటో తీయండి. ప్యాడ్ల వెనకుండే స్ప్రింగు పలక ఏ దిక్కుగా ఉందో గంట తర్వాత గుర్తుండదు.

చక్రం తీయాలా?

ఈ రకం ముందు బ్రేకుకు అక్కర్లేదు.

ఎలన్ కీ జారిపోతోంది, పిన్ను తల అరుగుతోంది. ఏం చేయను?

అక్కడే ఆపండి. తలలోని మట్టిని సూదితో గీకి తీసి, ఎలన్ కీ అడుగుదాకా దిగుతోందో లేదో చూడండి. సగమే దిగితే తల అరిగిపోతుంది. తుప్పు వదిలించే నూనెను పుల్లతో ఒక్క చుక్క మర దగ్గర పెట్టి కొంతసేపు వదిలేయండి, స్ప్రే చేయొద్దు. డిస్క్ మీద ఆ నూనె పడకుండా ముందే గుడ్డ కప్పండి. తర్వాత కొత్త ఎలన్ కీతో ఒక్క కుదుపులో వదులు చేయండి. అయినా కదలకపోతే మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్లండి. తల పూర్తిగా పోయాక డ్రిల్లు పెట్టాల్సి వస్తుంది.

విప్పిన క్యాలిపర్‌ను వేలాడదీయవచ్చా?

పైపు మీద బరువు పడకూడదు. ఫోర్కుకో హ్యాండిల్‌కో తీగతో కట్టండి. క్యాలిపర్ డిస్క్ మీద లేనప్పుడు బ్రేకు లివర్ నొక్కవద్దు, పిస్టన్లు బయటికి దూకుతాయి. వెనక బ్రేకు నొక్కితే ముందుదీ పనిచేసే సీబీఎస్ బండి అయితే పెడల్ కూడా తొక్కవద్దు. ఇంట్లో మిగతావాళ్లు బండి ఎక్కి ఆడకుండా హ్యాండిల్‌కు ఒక గుడ్డ కట్టడం పనికొస్తుంది.

## శుభ్రం చేసేటప్పుడు

పాతవి తీసి కొత్తవి పెడితే అయిపోదా? ఇంత శుభ్రం దేనికి?

ప్యాడ్ అరిగేకొద్దీ పిస్టన్ బయటికి వస్తూ ఉంటుంది. బయటికి వచ్చిన ఆ భాగం మీద నెలల తరబడి దుమ్ము, ప్యాడ్ పొడి, బురద పేరుకుంటాయి. మన నల్లరేగడి మట్టి ఎండితే సిమెంటు పూసినట్టు గట్టిపడుతుంది. ఇప్పుడు పిస్టన్‌ను అలాగే లోపలికి నెడితే ఆ గరుకంతా రబ్బరు సీలును గీసుకుంటూ వెళ్తుంది. సీలు దెబ్బతింటే ఆయిల్ కారుతుంది, లేదా పిస్టన్ వెనక్కి రాకుండా పట్టేస్తుంది. బ్రేకు వదిలేశాక పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి లాగేది ఆ సీలే. అది సరిగా పనిచేయకపోతే ప్యాడ్లు ఎప్పుడూ డిస్క్‌ను రాసుకుంటూనే ఉంటాయి.

కాబట్టి పాత ప్యాడ్లు తీయగానే పిస్టన్ల చుట్టూ గోరువెచ్చని సబ్బు నీళ్లు, టూత్‌బ్రష్‌తో రుద్దండి. వెనక వైపు కనిపించకపోతే తడిగుడ్డను సన్నటి పట్టీలా చించి పిస్టన్ చుట్టూ వేసి అటూ ఇటూ లాగండి. స్క్రూడ్రైవర్‌తో గీకొద్దు, ఉప్పు కాగితం పెట్టొద్దు. గీత పడిన పిస్టన్ సీలును కోస్తుంది. వెండిలా మెరిసే గోడ కనిపించేదాకా ఆగకండి. తుప్పు గుంటలు కనిపిస్తే పిస్టన్ మార్చాలి, అది మెకానిక్ పని.

తర్వాత క్యాలిపర్‌ను దాని బ్రాకెట్ మీద వేళ్లతో జరిపి చూడండి. నూనె రాసిన తలుపు గడియలా జరగాలి. పట్టి పట్టి కదిలితే పిన్నులు బయటికి లాగి, ఎండిన పాత గ్రీజు తుడిచేసి, కొత్తది పలచగా పూయండి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి తీర ప్రాంతాల్లో ఉప్పుగాలికి ఈ పిన్నులు మరీ త్వరగా తుప్పుపడతాయి. అక్కడివారు ప్యాడ్లు మిగిలి ఉన్నా వానాకాలం ముగిశాక ఒకసారి పిన్నులు చూసుకోవాలి.

పిస్టన్లు లోపలికి పోవడం లేదు. సుత్తితో కొట్టవచ్చా?

వద్దు. పైన ఆయిల్ డబ్బా మూత వదులు చేసి, పాత ప్యాడ్‌ను రెండు పిస్టన్ల మీదా ఆనించి, బొటనవేళ్లతో గానీ చెక్క ముక్క ఆసరాతో గానీ సమానంగా, నెమ్మదిగా నొక్కండి. ఒక పిస్టన్‌నే నొక్కితే రెండోది బయటికి వస్తుంది. ఎంత నొక్కినా కదలనిది బిగుసుకున్న పిస్టన్. బలవంతం చేయకుండా విప్పి సీళ్లు మార్పించండి.

పిస్టన్లు నొక్కితే పైన ఆయిల్ పొంగింది. పర్వాలేదా?

ఎవరో మధ్యలో ఆయిల్ పోసి నింపి ఉంటారు. శుభ్రమైన సిరంజితో కొంత తీసేసి పని కొనసాగించండి. తీసింది మళ్లీ వాడొద్దు. పొంగినది తగిలిన చోటల్లా నీళ్లతో కడగండి, కానీ ఆ నీళ్లు తెరిచిన డబ్బాలోకి పోకూడదు. డబ్బా మూత మీద ఆయిల్ రకం డాట్ 3 అనో డాట్ 4 అనో రాసి ఉంటుంది, అదే వాడాలి. డాట్ 5 సిలికాన్ రకం, మిగతావాటితో కలవదు. పేరు దగ్గరగా ఉందని తెచ్చి పోయవద్దు.

గ్రీజు ఎక్కడ రాయాలి, ఎక్కడ రాయకూడదు?

జరిగే పిన్నులకు సిలికాన్ గ్రీజు పలచగా. అంతే చాలు. చైనుకూ బేరింగులకూ వాడే మామూలు గ్రీజు వాడితే రబ్బరు తొడుగులు ఉబ్బి పిన్ను మళ్లీ బిగుసుకుంటుంది. ప్యాడ్ పొర మీద, డిస్క్ మీద, పిస్టన్ సీలు మీద చేతికంటిన గ్రీజు కూడా తగలకూడదు.

డిస్క్‌ను పెట్రోలుతో తుడవచ్చా?

పెట్రోలు, కిరోసిన్, డీజిల్ మూడూ వద్దు. జిడ్డు పొర మిగుల్చుతాయి, రబ్బరును పాడుచేస్తాయి, మంట ప్రమాదం సరేసరి. బ్రేక్ క్లీనర్‌తోనో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోనో శుభ్రమైన గుడ్డ తడిపి రెండు వైపులా తుడవండి. గుడ్డకు నలుపు అంటడం తగ్గేదాకా గుడ్డ మార్చుతూ తుడవాలి.

## బిగించేటప్పుడు

కొత్త ప్యాడ్లు పెట్టాక క్యాలిపర్ డిస్క్ మీదికి ఎక్కడం లేదు.

కొత్త ప్యాడ్లు మందం ఎక్కువ కాబట్టి పిస్టన్లు పూర్తిగా లోపలికి వెళ్లి ఉండాలి. ఒక మిల్లీమీటరు బయట ఉన్నా ఎక్కదు. పిస్టన్లు లోపలే ఉంటే ప్యాడ్ చివర చూడండి. దాని ముక్కు బ్రాకెట్‌లోని చిన్న రేకు గాడిలో కూర్చోవాలి, స్ప్రింగు పలక సరైన దిక్కులో ఉండాలి. లోపలి ప్యాడ్, బయటి ప్యాడ్ ఆకారం వేరుగా ఉండే బండ్లలో అవి తారుమారైనా ఇదే జరుగుతుంది. పొర ఉన్న వైపు డిస్క్‌కు ఎదురుగా ఉండాలని వేరే చెప్పనక్కర్లేదు అనుకుంటాం, కానీ తిరగేసి పెట్టిన ప్యాడ్లు షెడ్లకు వస్తూనే ఉంటాయి.

బోల్టులు ఎంత బిగించాలి?

మీ బండి సర్వీసు పుస్తకంలోని అంకే ప్రమాణం. ఈ తరగతి బండ్లలో చాలావాటికి క్యాలిపర్ బోల్టులు 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, ప్యాడ్ పిన్ను 15 నుంచి 18 న్యూటన్ మీటర్ల ప్రాంతంలో ఉంటాయి. మొదట చేత్తో మర పట్టించి, తర్వాతే పానా పెట్టండి. అల్యూమినియం మరలు ఒక్కసారి చెడితే బాగుచేయడానికి చాలా ఖర్చవుతుంది. కొన్ని కంపెనీలు ఆ బోల్టులను విప్పిన ప్రతిసారీ కొత్తవి వేయమంటాయి, అలా రాసి ఉంటే పాటించండి.

అంతా బిగించాను. లివర్ నొక్కితే హ్యాండిల్ దాకా వెళ్లిపోతోంది!

మొదటిసారి అలాగే వెళ్తుంది. పిస్టన్లు వెనక్కి నెట్టి ఉన్నాయి కాబట్టి ప్యాడ్లు డిస్క్‌ను ఇంకా తాకలేదు. లివర్‌ను నెమ్మదిగా నొక్కి వదులుతూ ఉండండి. ప్రతి నొక్కుకూ పిస్టన్లు కొంచెం ముందుకు వచ్చి, కాసేపటికి లివర్ గట్టిపడుతుంది. అలా గట్టిపడేదాకా బండిని ఒక్క అడుగు కూడా కదిలించవద్దు. ప్యాడ్లు మార్చిన వెంటనే వీధి చివరిదాకా చూసొద్దామని బయల్దేరితే మొదటి నొక్కుకు బ్రేకే ఉండదు. ఈ పనిలో ప్రాణాలకు ముప్పు తెచ్చేది అన్నిటికంటే ఎక్కువగా ఇదే. గట్టిపడ్డాక ఆయిల్ మట్టం రెండు గీతల మధ్య ఉందో లేదో చూసి మూత బిగించి, లివర్‌ను గట్టిగా నొక్కి అరనిమిషం పట్టుకోండి. మెల్లగా దిగిపోతుంటే ఎక్కడో లోపం ఉంది, బండి తీయవద్దు.

చక్రం తిప్పితే సన్నగా రాసుకుంటున్న చప్పుడు వస్తోంది.

ముందు చక్రం నేలకు ఆనకుండా లేపి చేత్తో తిప్పితే ఒకటి రెండు చుట్లు తిరిగి ఆగితే, ఆ చప్పుడు మామూలే. ప్యాడ్లు డిస్క్‌కు అతి దగ్గరగా ఉంటాయి. తిప్పగానే ఆగిపోతే పిస్టన్ గానీ పిన్ను గానీ పట్టేసిందని అర్థం.

## కొత్త ప్యాడ్లతో మొదటి రోజులు

కొత్తవి వేశాక బ్రేకు పాతవాటికంటే తక్కువ పడుతోంది. మోసపోయానా?

కంగారు అక్కర్లేదు. కొత్త పొరకూ పాత డిస్క్‌కూ పొంతన కుదరాలి. పాత డిస్క్ మీదున్న సన్నటి గాళ్లకు తగ్గట్టు ప్యాడ్ అరిగి కూర్చోవాలి, ప్యాడ్ పదార్థం పలచగా డిస్క్ మీద పరుచుకోవాలి. రద్దీ లేని పొడి రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్ల వేగం నుంచి 15 దాకా, పూర్తిగా ఆపకుండా, మితమైన ఒత్తిడితో తగ్గించండి. మధ్యలో డిస్క్ చల్లారడానికి కాస్త దూరం నడిపి, ఇలా ఇరవై సార్ల వరకు చేయండి. పూర్తి పట్టు రావడానికి 150 నుంచి 200 కిలోమీటర్లు పట్టవచ్చు. అప్పటిదాకా ముందు వాహనానికి ఎప్పటికంటే ఎక్కువ దూరం పాటించండి, వెనక మనిషిని ఎక్కించుకుని వేగంగా వెళ్లకండి.

లివర్ గట్టిగా లేదు, స్పాంజిలా మెత్తగా ఉంది.

పైపులో గాలి ఉన్నట్టు. పైపు విప్పకుండా కేవలం ప్యాడ్లు మార్చితే గాలి చేరకూడదు, పిస్టన్ మరీ బయటికి వచ్చి ఉంటే, లేదా డబ్బాలో ఆయిల్ అడుగంటితే చేరుతుంది. గాలి తీయించాకే బండి నడపండి.

కొంచెం దూరం వెళ్లొచ్చేసరికి డిస్క్ కాలిపోతోంది.

చేత్తో ముట్టుకుని చూడొద్దు, చర్మం అంటుకుపోతుంది. బ్రేకు పెద్దగా వాడకుండా నడిపి ఆపి, ఒక నీటి చుక్క వేయండి. సుర్రుమని ఆవిరైతే ప్యాడ్లు వదలడం లేదు. కారణం బిగుసుకున్న పిస్టన్, ఎండిన పిన్ను, లేదా డబ్బాలో అంచుదాకా నింపిన ఆయిల్.

చైనుకు నూనె కొడుతుంటే డిస్క్ మీద పడింది. ప్యాడ్లు కడిగి వాడుకోవచ్చా?

డిస్క్‌ను శుభ్రం చేసుకోవచ్చు. ప్యాడ్లు నూనె పీల్చేశాక పనికిరావు. మంట మీద కాల్చి వాడమని సలహా ఇచ్చేవారు ఉంటారు, వినొద్దు. జిగురు పాడై పొర ఊడిపోతుంది. వాటర్ వాష్ చేయించినప్పుడు టైర్లకు, మడ్‌గార్డుకు పాలిష్ కొట్టే చోట డిస్క్‌కు కొట్టవద్దని ముందే చెప్పండి. అలాంటి వాష్ తర్వాత ఇంటికి వచ్చేముందు అక్కడే నెమ్మదిగా బ్రేకు పరీక్షించుకోండి.

రాత్రి వాన పడింది, పొద్దున డిస్క్ మీద ఎర్రగా తుప్పు. చెడిపోయిందా?

లేదు. పైపై తుప్పు, నాలుగైదు సార్లు బ్రేకు వేస్తే పోతుంది.

కొత్త ప్యాడ్లతో వెంటనే ఘాట్ రోడ్డు ఎక్కవచ్చా?

ప్యాడ్లు కుదురుకునేదాకా ఆగండి. శ్రీశైలం, మారేడుమిల్లి, అరకు, తిరుమల దారుల్లో దిగేటప్పుడు బ్రేకు మీదే భారం వేస్తే ప్యాడ్లు, ఆయిల్ రెండూ వేడెక్కుతాయి. తేమ పీల్చిన పాత డాట్ 4 ఆయిల్ 155 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరగవచ్చు. కొత్తదానికి ఆ హద్దు కనీసం 230 డిగ్రీలు. మరిగిన ఆయిల్‌లో ఆవిరి బుడగలు చేరి లివర్ ఒక్కసారిగా మెత్తబడుతుంది. అందుకే ఆయిల్‌ను రెండేళ్లకోసారి మార్చమంటారు. దిగేటప్పుడు రెండో గేరులోనో మూడో గేరులోనో ఇంజను పట్టుతో దిగండి, బ్రేకును పట్టి పట్టి వదలండి, క్లచ్ నొక్కి గానీ ఇంజను ఆపి గానీ జారనివ్వవద్దు.

తీసిన పాత ప్యాడ్లు ఏం చేయాలి?

వెంటనే పారేయకండి. రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఏది ఎంత అరిగిందో, ఏ అంచు సన్నబడిందో ఫోటో తీసి, తేదీ, మీటరు అంకె రాసిపెట్టుకోండి. వచ్చేసారి విప్పినప్పుడు పోల్చడానికి అదొక్కటే ఆధారం. ఆ తర్వాత పాత ఇనుము కొనేవారికి ఇచ్చేయవచ్చు. 500 కిలోమీటర్లు తిరిగాక క్యాలిపర్ బోల్టుల బిగువు, ఆయిల్ మట్టం ఒకసారి చూసుకోండి.